కార్బురేటర్ పెద్దదైతే జీపు కొండ ఎక్కుతుందా?

మన్యం దారుల్లో తిరిగే పాత పెట్రోలు జీపులకు ఇంజను బోరు కొట్టించగానే యజమానులకు ముందుగా వచ్చే ఆలోచన పెద్ద కార్బురేటర్ బిగించడం. పెట్రోలు ఎక్కువ తాగితే బలం ఎక్కువ వస్తుందని నమ్మకం. తీరా వాలు మీద మొదటి గేరులో ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. వెనుక లోయ, బండిలో జనం వున్న సమయంలో జీపు వెనక్కి జారితే ప్రాణాలకే ముప్పు. (డీజిల్ జీపులకు కార్బురేటర్ వుండదు. ఈ చిక్కు పెట్రోలు బండ్లకే.)

లెక్క ఇదీ

మహీంద్రా సి.జె.3బి. జీపులోని హరికేన్ ఇంజను 2.2 లీటర్లది. ఇంజను రెండు చుట్లు తిరిగితే సిలిండర్లన్నీ ఒకసారి గాలి పీలుస్తాయి. నిమిషానికి 4,000 చుట్ల వేగంలో 4,400 లీటర్లు కావాలి. సిలిండర్లు పూర్తిగా నిండవు కనుక నూటికి 80 వంతులు వేసుకుంటే సుమారు 3,500 లీటర్లు. కొండ ఎక్కేటప్పుడు ఇంజను తిరిగేది 1,500 చుట్ల ప్రాంతంలోనే. అప్పటి అవసరం 1,300 లీటర్లు మాత్రమే.

కార్బురేటర్ గొంతు సన్నగా వుంటే ఆ కాస్త గాలీ వడిగా వెళ్లి పెట్రోలును పైకి లాగి, తుంపరగా చేస్తుంది. గొంతు వెడల్పయితే గాలి వడి తగ్గుతుంది. పెట్రోలు సరిగా అందదు. చదును రోడ్డుపై పరుగెత్తే కారుకు పనికొచ్చే కార్బురేటర్ కొండ జీపుకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

బోరు కొట్టించినంత మాత్రాన

ఈ ఇంజను సిలిండరు వ్యాసం 79.4 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు పెంచి బోరు కొట్టిస్తే పెరిగే పరిమాణం నూటికి రెండున్నర వంతులే. ఇందుకోసం కార్బురేటర్ మార్చనక్కరలేదు. జెట్టు సరిచూసుకుంటే చాలు. సోలెక్స్ జెట్టుపై 120 అని వుంటే రంధ్రం 1.20 మిల్లీమీటర్లని అర్థం. మార్చవలసి వస్తే ఒకసారికి 5 అంకెలకు మించి మార్చరాదు. తర్వాత బండి నడిపి ప్లగ్గు విప్పి చూడాలి. మసి పడితే పెట్రోలు ఎక్కువైంది. తెల్లబడితే తక్కువైంది. ఇటుక పొడి వంటి గోధుమ రంగు వుంటే సరిపోయినట్లే.

అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తులో వుంది. అక్కడి గాలి సముద్రతీరం కంటె నూటికి 8 వంతులు పలచన. విశాఖలో సరిచేయించిన బండి అక్కడ కాస్త నల్లపొగ వదలవచ్చు. అందుచేత బండి ఎక్కడ తిరుగుతుందో అక్కడే సరిచేయించడం మేలు. 2025 నాటికి దేశమంతటా వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో పాత జెట్టు చాలకపోవచ్చు. పాత రబ్బరు గొట్టాలు కూడా పాడవుతాయి. వాటిని మార్పించాలి.

తొట్టి ముఖ్యం

కొండదారికి గొంతు సైజుకంటె ఫ్లోటు తొట్టి ముఖ్యం. జీపు ముక్కు పైకి లేస్తే తొట్టిలో పెట్రోలు వెనక్కి ఒరుగుతుంది. జెట్టు మునిగితే ఇంజను పొగచూరి ఆగుతుంది, తేలితే ఆకలితో ఆగుతుంది. కొత్త కార్బురేటర్ కొనేముందు ఫ్లోటు మట్టం, సూది వాల్వు చూపించుకోవాలి. సూది వాల్వు పట్టుకుపోతే పెట్రోలు పొంగి, వేడి సైలెన్సరు గొట్టంపై పడి బండి అంటుకునే ప్రమాదం వుంది. పెట్రోలు వాసన వస్తే వెంటనే ఇంజను ఆపాలి.

మొత్తం ఇంజనే మార్చదలిస్తే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా అధికారుల అనుమతి ముందే పొంది, ఆర్.సి. పుస్తకంలో నమోదు చేయించుకోవాలి.

కార్బురేటర్ కొనేముందు ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు పంపు, ప్లగ్గులు, టైమింగు, గాస్కెట్ల వద్ద గాలి లీకు ఒకసారి చూపించాలి. కార్బురేటర్‌దనుకున్న జబ్బు చాలాసార్లు వీటిలోనే వుంటుంది. అన్నీ బాగున్నా బలం చాలకపోతే అప్పుడు, ఇంజను లీటర్లూ తిరిగే చుట్లూ లెక్కవేసి, అవసరానికి సరిపోయే కార్బురేటర్లలో చిన్నదాన్ని ఎంచుకోవడమే కొండజీపుకు క్షేమం.