పాత బుల్లెట్, కొత్త పెట్రోలు: ఇంటి ట్యూనింగ్ వెనుక ఉన్న విజ్ఞానం

చాలా ఇళ్లలో వసారా మూలన దుమ్ము పట్టిన పాత మోటార్ సైకిల్ ఒకటి ఉంటుంది. నడవదు, కానీ అమ్మడానికి మనసొప్పదు. అలాంటి బండిని బాగుచేసుకోవాలనుకునేవారు పాత అరుగుదలతో పాటు ఒక కొత్త విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఇంజిన్‌ను తయారుచేసినప్పుడు దొరికిన పెట్రోలు వేరు, ఈరోజు బంకులో పోస్తున్నది వేరు.

మనకు బాగా తెలిసిన బుల్లెట్ 350నే తీసుకుందాం. మద్రాసులో ఈ బండి ప్రయాణం 1955లో మొదలైంది. పాత పోత ఇనుప ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 90 మిల్లీమీటర్లు. ఈ రెండింటితో ఘనపరిమాణం లెక్కిస్తే 346 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఇందులో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. వాటి పని చేయాల్సింది బాగుచేసే మనిషే.

ముందు కవాటాలు, తర్వాత నిప్పురవ్వ

ట్యూనింగ్ అనగానే చాలామంది కార్బురేటర్ స్క్రూ తిప్పుతారు. నిజానికి అది చివరి పని. మొదట కవాటాలు సరిగా మూసుకుంటున్నాయో లేదో చూడాలి. ఇంజిన్ చల్లగా ఉండి, కవాటాలు మూసి ఉన్న స్థితిలో పుష్‌రాడ్‌ను వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి. కానీ పైకీ కిందికీ ఆడకూడదు. మరీ బిగుతుగా ఉంటే ఇంజిన్ వేడెక్కాక కవాటం పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ తగ్గిపోతుంది.

తర్వాత మెకానిక్‌లు సీబీ పాయింట్ అని పిలిచే భాగం. ఈ పాయింట్లు విడిపోగానే ఇగ్నిషన్ కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. దానివల్ల వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, స్పార్క్ ప్లగ్ దగ్గర నిప్పురవ్వగా దూకుతుంది. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు మధ్య ఖాళీ సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్‌తో దీన్ని కొలవవచ్చు.

నిప్పురవ్వ పిస్టన్ పైకి చేరకముందే ఎందుకు రావాలి? నిమిషానికి 3000 చుట్ల వేగంలో క్రాంక్ ఒక మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. మిశ్రమం అంతా మండడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. అందుకే మంటను ముందుగానే అంటించాలి. మరీ ముందైతే కిక్ రాడ్ ఎదురుతన్ని కాలికి దెబ్బ తగులుతుంది. ఆలస్యమైతే శక్తి తగ్గి, ఇంజిన్ వేడెక్కుతుంది.

పాయింట్ల మధ్య ఖాళీ పెరిగితే అవి ముందుగా తెరుచుకుంటాయి, తగ్గితే ఆలస్యంగా తెరుచుకుంటాయి. కాబట్టి ముందు ఖాళీ, తర్వాతే టైమింగ్. పాయింట్ల మధ్య సన్నని కాగితం పెట్టి మెల్లగా లాగుతూ ఇంజిన్‌ను చేత్తో తిప్పితే, కాగితం జారిన క్షణమే పాయింట్లు విడిపోయే క్షణం. ఆ క్షణంలో పిస్టన్ మాన్యువల్‌లో చెప్పిన చోట ఉండాలి.

గాలి, ఇంధనాల లెక్క

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి 9 గ్రాములు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలుకు ఈ లెక్క సుమారు 13.5కు దిగుతుంది. ఆక్సిజన్ సెన్సార్ ఉన్న కొత్త బండ్లు తేడాను పసిగట్టి ఇంధనాన్ని పెంచుకుంటాయి. పాత కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంత ఉంటే అంతే వదులుతుంది. ఫలితంగా మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి, బండి కుదుపుతో నడుస్తుంది, ఎక్కువ వేడెక్కుతుంది.

దీనికి విరుగుడు ఉంది. మెయిన్ జెట్‌ను ఒక సైజు పెంచవచ్చు. లేదా జెట్ నీడిల్ క్లిప్‌ను ఒక గాడి కిందికి మార్చితే, నీడిల్ పైకి లేచి మధ్య వేగాల్లో ఇంధనం పెరుగుతుంది. ఒకసారి ఒక మార్పే చేసి, కొన్ని కిలోమీటర్లు నడిపి ప్లగ్ విప్పి చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే సరిగా ఉన్నట్టు. నల్లని మసి పడితే ఇంధనం ఎక్కువ, తెల్లబారితే తక్కువ.

ఇంకో కొలత కూడా మనకు అందుబాటులో ఉంది. పొల్యూషన్ పరీక్షలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ శాతం ఎక్కువగా ఉంటే, నెమ్మది వేగంలో ఇంధనం అవసరానికి మించి వెళ్తోందని అర్థం. ఆ కాగితాన్ని దాచుకుంటే తర్వాతి సర్దుబాటుకు పనికొస్తుంది.

మైలేజీ కొంత తగ్గితే కంగారు పడనక్కరలేదు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన ఇ20లో లీటరుకు శక్తి 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. ట్యూనింగ్‌తో దాన్ని పూర్తిగా తిరిగి తెచ్చుకోలేం.

ట్యాంకులో జరిగేది

ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది. నెలల తరబడి నిలిచిన బండిలో తేమ మితిమీరితే, నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కు ఇంధనం వెళ్లేది కూడా అడుగు నుంచే. పైగా నీటివల్ల తుప్పు మొదలవుతుంది. పాత జిగురు పొరలను ఇథనాల్ కరిగించి జెట్లలోకి తోస్తుంది. పాత రకం రబ్బరు ఉబ్బుతుంది, పగులుతుంది. పెట్రోలు కారితే అగ్నిప్రమాదమే.

అందుకే రంగు వేయించే ముందే పెట్రోలు పైపు, ట్యాప్ వాషర్లు, కార్బురేటర్ సీళ్లను ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చాలి. ట్యాంకు తుప్పును సిట్రిక్ ఆమ్ల ద్రావణంతో తొలగించి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఎక్కువకాలం వాడకపోతే ట్యాంకునూ కార్బురేటర్‌నూ ఖాళీ చేయాలి.

మూసిన గదిలో ఇంజిన్ నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేలమట్టంలో పాకుతుంది కాబట్టి దగ్గర్లో దీపం, స్టవ్ ఉండకూడదు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును నోటితోగానీ గాలి పైపుతోగానీ ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

ఈ బండ్లు ఇంధనం మారడాన్ని చూడడం ఇదే మొదటిసారి కాదు. 2000లో సీసం కలిపిన పెట్రోలు దేశమంతటా ఆగిపోయింది. పాత బుల్లెట్లు అప్పుడూ నడిచాయి. ఇప్పటి మార్పును కూడా అవి తట్టుకోగలవు, కాకపోతే పాత మాన్యువల్‌లోని అంకెలతో పాటు కొత్త ఇంధనం లెక్క కూడా యజమానికి తెలిసి ఉండాలి.