ఎన్ని వేషాలో, మనిషి ఒక్కరే

సిరిసిల్లలో సాంచెల చప్పుడు. కోరుట్ల, జగిత్యాలలో బీడీల పని. ఈ ఊళ్లలో పండుగొచ్చినా, చుట్టాలొచ్చినా సినిమాకు పోవడం ఎప్పటినుంచో ఉన్నదే.

1975లో షోలే అనే హిందీ సినిమా వచ్చింది. హిందీ రానివాళ్లు కూడా దాన్ని చూశారు. గబ్బర్ సింగ్ అందరికీ గుర్తే. బసంతి, ఆమె గుర్రబ్బండి కూడా గుర్తే. అదే సినిమాలో ఒక పెద్ద పోలీసు అధికారి కాసేపు కనిపిస్తారు. ఆయన ఎవరని ఎవరూ అడగరు.

ఆయన పేరు పైడి జైరాజ్. మన తెలుగాయనే. 1909 సెప్టెంబరు 28న కరీంనగర్‌లో పుట్టారు. అప్పుడది నిజాం రాజ్యం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల 2016 దాకా ఆ కరీంనగర్ జిల్లాలోనివే.

షోలే వచ్చేనాటికి జైరాజ్ గారికి 65 ఏండ్లు. సినిమాల్లోకి వచ్చి 46 ఏండ్లు. ఒకప్పుడు ఆయనే హీరో. అన్ని ఏండ్లు ఒకే పనిలో ఎట్లా నిలబడ్డారు?

మాటలు లేని సినిమా

జైరాజ్ గారు హైదరాబాదులో నిజాం కాలేజీలో చదివారు. తర్వాత బొంబాయి పోయారు. 1929లో మొదటిసారి సినిమాలో వేషం వేశారు. అప్పటి సినిమాలకు మాట లేదు, పాట లేదు. బొమ్మ మాత్రం కదిలేది. అందుకే వాటిని మూగ సినిమాలు అనేవాళ్లు.

మరి కథ ఎట్లా తెలిసేది? బొమ్మకూ బొమ్మకూ నడుమ తెర మీద అక్షరాలు వచ్చేవి. ఎవరు ఏమన్నారో అందులో రాసి ఉండేది. చదువు వచ్చినవాళ్లు చదువుకునేవాళ్లు. రానివాళ్ల కోసం చాలా హాళ్లలో ఒక మనిషి నిలబడి గట్టిగా చదివి చెప్పేవాడు. అతను చెప్పిందే కథ. తప్పు చెప్పినా నమ్మాల్సిందే.

మూగ సినిమాలో నటుడికి గొంతుతో పని లేదు. కోపమైనా, ఏడుపైనా ముఖంలో కనిపించాలి. గుర్రమెక్కాలి, కత్తి తిప్పాలి, దుంకాలి. జైరాజ్ గారు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆ పని ఆయనకు బాగా కుదిరింది.

మాట వచ్చింది

1931లో ఆలం ఆరా అనే సినిమా వచ్చింది. మన దేశంలో మాటలు వినిపించిన మొదటి సినిమా అదే. మరుసటి ఏడు, 1932లో, తెలుగులో భక్త ప్రహ్లాద వచ్చింది.

జనం సంతోషపడ్డారు. నటులకు మాత్రం గుబులు పట్టుకుంది. ఇప్పుడు మాట స్పష్టంగా పలకాలి. పాట కూడా సొంతంగా పాడాలి. ఒకరు పెదవులు కదిలిస్తే ఇంకొకరు పాడే పద్ధతి 1935లో గానీ రాలేదు. మూగ సినిమాల్లో పేరున్న ఎంతోమందికి పని తగ్గిపోయింది.

సులోచన అనే నటి సంగతే చూడండి. ఆమె అసలు పేరు రూబీ మయర్స్. సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటర్. మూగ సినిమాల్లో ఆమెకు గొప్ప పేరుండేది. కానీ హిందీ సరిగా రాదు. ఆమె ఇంట్లో కూర్చుని బాధపడలేదు. పని ఆపి, ఏడాది పాటు భాష నేర్చుకుని మళ్లీ వచ్చారు. మాటల సినిమాల్లో కూడా హీరోయిన్ అయ్యారు.

జైరాజ్ గారు కూడా ఈ గండం దాటారు. ఆయన ఇంటి భాష తెలుగు. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఉర్దూ చెవిన పడుతూనే ఉండేది. అప్పటి హిందీ సినిమా మాటలు ఉర్దూకు దగ్గరగా ఉండేవి. 1932 నుంచి ఆయన మాటల సినిమాల్లో నటించారు. 1938లో భాభీ సినిమాలో హీరో. 1943లో హమారీ బాత్ సినిమాలో దేవికా రాణి పక్కన హీరో. దేవికా రాణి గారు పుట్టింది మన విశాఖపట్నంలోని వాల్తేరులోనే.

రాజులు, వీరులు

తర్వాత జైరాజ్ గారికి చరిత్ర సినిమాలు ఎక్కువగా వచ్చాయి. 1957లో అమర్ సింగ్ రాథోడ్ అయ్యారు. 1959లో పృథ్వీరాజ్ చౌహాన్ అయ్యారు. అదే ఏడు టిప్పు సుల్తాన్ కూడా అయ్యారు. అంతకుముందు, 1956లో, హాతిం తాయి అయ్యారు. హాతిం తాయి అంటే అరబ్బు కథల్లో అడిగినవాళ్లకు లేదనని దాత.

ఒకరు రాజపుత్రుడు. ఒకరు ఢిల్లీ ఏలిన రాజు. ఒకరు మైసూరు సుల్తాన్. ఒకరు అరబ్బు. వేషం కట్టింది మాత్రం తెలంగాణ తెలుగు మనిషి. హిందూ రాజుగా ఒప్పుకున్న జనమే ముస్లిం సుల్తాన్‌గా కూడా ఆయన్ని ఒప్పుకున్నారు.

కెమెరా వెనక

నటించడమే కాదు, నటింపజేయడం కూడా నేర్చుకున్నారు. దీన్నే దర్శకత్వం అంటారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, మాట ఎట్లా పలకాలి, కెమెరా ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ దర్శకుడు చూసుకోవాలి. 1945లో ప్రతిమ అనే సినిమాకు జైరాజ్ గారు దర్శకుడు. అందులో హీరో దిలీప్ కుమార్. ఆయన అప్పుడు కొత్త కుర్రాడు. తర్వాత దేశమంతా మెచ్చిన నటుడయ్యారు. 1951లో జైరాజ్ గారు సాగర్ అనే సినిమాకు కూడా దర్శకత్వం చేశారు.

బయటి దేశం వాళ్ల సినిమాలోనూ ఆయన ఉన్నారు. 1948 జనవరి 30న ఢిల్లీలో గాంధీ గారిని కాల్చి చంపారు. ఆ కథతో 1963లో నైన్ అవర్స్ టు రామ అనే ఇంగ్లీషు సినిమా వచ్చింది. గాంధీ గారు చివరి రోజుల్లో ఉన్నది బిర్లా గారి ఇంట్లో. ఆ బిర్లా వేషం జైరాజ్ గారిదే. ఆ సినిమాను మన దేశంలో ఆడనివ్వలేదు. అందుకే ఇక్కడివాళ్లకు దాని సంగతి అంతగా తెలియదు.

పెద్ద వేషం, చిన్న వేషం

వయసు పైబడితే హీరో వేషాలు రావు. చాలామంది అక్కడితో ఇంటికి పోతారు. జైరాజ్ గారు తండ్రి వేషం, అధికారి వేషం, ఏది వస్తే అది వేశారు. ఒక్కోసారి తెర మీద కనిపించేది రెండు నిమిషాలే. మన చిందు భాగవతంలోనూ అంతే కదా. ఈ రోజు రాజు వేషం కట్టిన మనిషి రేపు భటుడి వేషం కడతాడు. రెండూ వేషాలే. రెండింటికీ ముఖానికి రంగు వేసుకోవాల్సిందే.

సినిమా రంగంలో మన దేశంలో అన్నిటికన్నా పెద్ద గౌరవం దాదా సాహెబ్ ఫాల్కే అవార్డు. 1969కి గాను మొట్టమొదట అది దేవికా రాణి గారికి వచ్చింది. భాష నేర్చుకుని తిరిగి వచ్చిన సులోచన గారికి 1973కి వచ్చింది. 1980కి జైరాజ్ గారికి వచ్చింది. 2000 ఆగస్టు 11న ఆయన ముంబైలో కన్నుమూశారు.

ఆయన పనంతా దాదాపు హిందీలోనే సాగింది. అందుకే సొంత గడ్డ మీద ఆయన పేరు చాలామందికి తెలియకుండా పోయింది. తెర మీద ముఖం చూస్తాం, మరిచిపోతాం. పేరు చదివితేనే మనిషి గుర్తుంటారు. హైదరాబాదులో రవీంద్రభారతి ఉంది. అందులో చిన్న సినిమా హాలుకు ఇప్పుడు పైడి జైరాజ్ పేరు పెట్టారు. అటు పోయినప్పుడు ఆ పేరు కూడబలుక్కుని చదవండి. పక్కనున్నవాళ్లకు ఆయన ఎవరో చెప్పండి.

అందరూ కూర్చుని మాట్లాడుకోండి

1. మూగ సినిమాల కాలంలో చదువు రానివాళ్లకు కథ ఎట్లా తెలిసేది? అందులో ఇబ్బంది ఏమిటి?
2. సినిమాకు మాట వచ్చినప్పుడు సులోచన గారు ఏమి చేశారు?
3. మీ పనిలో కొత్త పద్ధతి ఏదైనా వచ్చిందా? దాన్ని మీరు ఎట్లా నేర్చుకున్నారు?