కంచే చేను మేసిన వేళ: నాడులపై ప్రతిరక్షకాల దాడి

రోగక్రిములను గుర్తించి పట్టుకొనడానికి మన రక్తంలో ప్రతిరక్షకాలనే మాంసకృత్తులున్నవి. ఒక్కొక్కప్పుడవి స్వ-పర భేదమెరుగక మన నాడులనే గాయపరుస్తాయి. ఇట్టి వ్యాధులలో ప్రధానమైన గిలాన్-బారే సిండ్రోమ్‌ను 1916లో ఫ్రెంచి వైద్యులు గిలాన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికులలో గుర్తించి వర్ణించారు. 2025 ఆరంభంలో పుణె ప్రాంతంలో 200 మందికి పైగా అనుమానిత రోగులు కనిపించడం, గుంటూరులోనూ మరణం సంభవించడం మనమెరిగినదే.

ఈ పొరపాటు ఎట్లా జరుగుతుంది? కలుషిత జలం, సరిగా ఉడకని కోడిమాంసం ద్వారా కాంపైలోబాక్టర్ జెజునై అనే సూక్ష్మజీవి ప్రేగులలో చేరి విరేచనాలు కలిగిస్తుంది. దాని పైపొరలోని చక్కెర అణువుల అమరిక, మన నాడుల పొరపై గల జీఎం-1 అనే పదార్థపు అమరికను పోలి ఉంటుంది. క్రిమిని ఎదుర్కొనడానికి పుట్టిన ప్రతిరక్షకాలు ఆ పోలికను బట్టి నాడిని కూడ పట్టుకొంటాయి. 2004లో జపాను పరిశోధకులు క్రిమి పైపొర పదార్థాన్ని కుందేళ్ళకిచ్చి, ఇట్టి పక్షవాతమే కలిగించి దీనిని నిరూపించారు.

నాడీతంతువుపై మయలిన్ తొడుగు ఉంటుంది. తొడుగు లేని సన్నని సందులే రాన్వియర్ కణుపులు. ప్రతిరక్షకాలు అక్కడ అంటుకొని, కాంప్లిమెంట్ అనే రక్తపు మాంసకృత్తులను పిలుస్తాయి. అవి పొరకు రంధ్రాలు చేయగా విద్యుత్ సందేశం ఆగిపోతుంది, కండరం కదలదు. జీక్యూ-1బి అనే పదార్థంపై దాడి జరిగితే కనుగుడ్ల కదలిక దెబ్బతింటుంది.

దీర్ఘకాలిక నాడీవ్యాధులు కొన్నింటిలో ఐజీజీ-4 తరగతి ప్రతిరక్షకాలు కాంప్లిమెంట్‌ను పిలువవు. తొడుగును, తంతువును కలిపి ఉంచే ముడిని మాత్రం విప్పుతాయి. కనుక చికిత్స కూడ వేరు.

తెలకపల్లి వంటి మా గ్రామసీమలలో కాళ్ళు చచ్చుబడితే నాటు మందులకై తిరిగేవారు లేకపోలేదు. సాధారణ పక్షవాతం ఒక ప్రక్కనే పట్టుతుంది. ఇది రెండు కాళ్ళ నుండి పైకి ప్రాకుతుంది. సుమారు నలుగురైదుగురిలో ఒకరికి శ్వాసకండరాలు కూడ బలహీనపడి కృత్రిమశ్వాస అవసరమవుతుంది. మొదటి రెండు వారాలలో ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించడం, లేదా ప్లాస్మా మార్పిడి చేయడం మేలు చేస్తుంది. స్టిరాయిడ్లు ఈ వ్యాధిని తగ్గించవు. 2022లో నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసింది. హైదరాబాదులో నిమ్స్ ఉన్నది. కాలహరణమే ఇక్కడ ప్రాణాపాయం. సకాలంలో చేరిన రోగులలో అధికులు మరల తమ కాళ్ళపై నిలుస్తారు. విరేచనాల తరువాత కాళ్ళు తడబడితే తక్షణం వైద్యుని వద్దకు చేర్చడం, నీటిని కాచి త్రాగడం మనందరి బాధ్యత.