గుఱ్ఱమెక్కుటకు ముందు



మా నిజాంపట్నము రేవుపట్టణము. మావారికి గుఱ్ఱముకంటె పడవతోడి చెలిమి యెక్కువ. అయినను పూర్వము మేలుజాతి గుఱ్ఱములు తెలుగుదేశమునకు కడలిమీదుగా వచ్చెడివి. అవచి తిప్పయసెట్టి హురుమంజినుండి గుఱ్ఱములను తెప్పించుట శ్రీనాథుని హరవిలాసమున ప్రస్తుతింపబడినది. ఇప్పుడు మన పిల్లలే కడలి దాటి గుఱ్ఱములకడకు పోవుచున్నారు. నాయొద్ద భారతము చదివిన శిష్యురాలొకతె టెక్సాసునుండి జాబు వ్రాసి, అచ్చటి పశువులకాపరుల పద్ధతిని స్వారి నేర్వబోవుచున్నానని తెలిపి, మొదటి పాఠమునకు ఎట్లు సిద్ధపడవలయునని యడిగినది. నేను రౌతును గాను. చదివినదియు, ఎఱిగినవారి నడిగి తెలిసికొన్నదియు విన్నవించెదను.

వెస్టర్న్ స్వారి యని పేరుగన్న ఈ పద్ధతి స్పెయినువారివలన మెక్సికోకును, అచ్చటినుండి టెక్సాసుకును వ్యాపించినది. దినమెల్ల మందల వెంట తిరుగు కాపరికి అనువుగా జీను వెడల్పుగను, లోతుగను ఉండును. దాని ముందరి కొమ్ము పశువును పట్టిన త్రాటిని చుట్టుటకేగాని, క్రొత్తవారు పట్టుకొని వ్రేలాడుటకు గాదు. కళ్లెపు పగ్గములు ఒక్కచేతనే యుండును. పగ్గము మెడ కొకవైపున సోకినంతనే శిక్షణ పొందిన గుఱ్ఱము రెండవవైపునకు మరలును.

సిద్ధపాటు పాదమునుండి మొదలిడవలయును. పడుటకంటె ఘోరమైనది, పడినప్పుడు పాదము రికాబులో తగులుకొని యీడ్వబడుట. కావున అడుగు నునుపుగను, మడమ యంగుళమంత యెత్తుగను ఉన్న బూట్లు ధరింపవలయును. మడమ పాదమును రికాబులోనికి జాఱనీయదు. నునుపైన యడుగు వెలికి వచ్చునపుడు పట్టుకొనదు. చెప్పులు పనికిరావు. కాళ్లను కప్పు పొడుగు లాగు మేలు. చున్నీ మున్నగు వ్రేలాడు వస్త్రములను విడువవలయును. కాపరుల వెడల్పుటోపి ఎండ నాపును గాని దెబ్బ నాపదు. పదిమంది నవ్వినను సరియే, గడ్డముక్రింద బిగించిన హెల్మెట్టు తలపై నుండితీరవలయును.

పిమ్మట దేహము. అలలపై పడవలో నిలుచు మా జాలరిని చూడుడు. అతడు బిగిసికొని నిలువడు. మోకాళ్లను, నడుమును సడలించి పడవతోపాటు తానును కదలును. జీనుపై కూర్చుండుటయు నట్టిదే. తొడలతో బిగించి పట్టినవాడు ఎగిరెగిరి పడును. కొన్నివారములు ముందుగా, గోడ నూతగాబట్టి, మెట్టు అంచున మునిపాదములపై నిలిచి మడమలను మెల్లగా క్రిందికి దించుట అభ్యసించినచో, రికాబులో మడమ దిగియుండుట సులభమగును.

కడపట గుఱ్ఱము. విరాటుని కొలువున నకులుడు తన విద్యను చెప్పుకొనుచు, గుఱ్ఱముల స్వభావము నెఱుగుటను ముందును, శిక్షను తరువాతను పేర్కొనెను. ఆ క్రమము గమనింపదగినది. గుఱ్ఱము క్రూరమృగములకు ఆహారమైన జాతి. బెదరి పరుగిడుటయే దానికి రక్ష. కన్నులు తలకు ప్రక్కల నుండుటచే అది దాదాపు చుట్టును చూడగలదు గాని, తోకకు వెనుకను, నుదుటికి ముందఱను దానికి కానరాదు. కావున వెనుకనుండి పోరాదు. మెల్లగా మాటలాడుచు ఎడమభుజమువైపునుండి చేరవలయును. మొదటి దినము అఱగంట ముందుగా పోయి, గొరపముతో దాని మేను రుద్ది దుమ్ము దులుపుట నేర్వవలయును. జీనుక్రింద ఇసుక మిగిలినచో వీపు ఒరసికొని పుండగును. నోరులేని ప్రాణి ఆ బాధను చెప్పజాలదు. జీనును పొట్టక్రింద బిగించు పట్టెడను ఎక్కుటకు ముందు గురువుచేత చూపించుకొనవలయును.

భయమున్నచో దానిని గూడ గురువుతో చెప్పవలయును. మనము దాచినను, బిగిసిన మోకాళ్లను బట్టియు, పట్టిన యూపిరిని బట్టియు గుఱ్ఱము గ్రహించును. పరుగు నేర్చుట నాలుగు దినములు ఆలస్యమైనను కొఱత లేదు. మొదటి పాఠమున తిన్నగా ఎక్కి, నిలిపి, క్షేమముగా దిగుట అలవడినచో అదియే చాలును.