ధర్మపురి విచారణ దేవాలయము : ఎల్లలు, కట్టడము, భాష

ధర్మపురి పట్టణమునందలి యేసు తిరుహృదయ దేవాలయము నేడొక మేత్రాసనమునకు ప్రధానాలయము. 1997వ సంవత్సరము జనవరి 24వ తేదీన రెండవ జాన్ పాల్ పోపుగారు సేలము మేత్రాసనమును విభజించి ధర్మపురి మేత్రాసనమును నెలకొల్పినప్పుడు దీనికా గౌరవము లభించినది. అంతకుముందు ఇది విచారణ దేవాలయము మాత్రమే. విచారణ యనగా ఒక గురువు పాలనకు అప్పగింపబడిన ఊళ్ళ సముదాయము. న్యాయస్థానపు విచారణతో దీనికి సంబంధము లేదు. కథోలికులు కాని పాఠకులకు ఈ మాట వింతగా తోచవచ్చును గాని, తెలుగు కథోలికులకు తరతరములుగా పరిచితమైన పదమిది.

ఒక దేవాలయమును చూచినవారు మొదట అడుగు ప్రశ్న, దీని నెవరు, ఎప్పుడు కట్టిరి? అని. ఆ ప్రశ్న న్యాయమైనదే కాని, అంతటితో చాలదు. గోడలు పడగొట్టి మరల కట్టుట, పైకప్పు మార్చుట, ముందు మండపము చేర్చుట ప్రతి తరమునను జరుగుచునే యుండును. ఈ సీమను ఏ గురుసంఘమునకు అప్పగించిరి, ఆ గురువులు ఏ భాషలో ఉపదేశించిరి అనునవి తెలిసిననే గాని విచారణ చరిత్ర బోధపడదు. ధర్మపురి వంటి బహుభాషా సీమలో ఈ రెండవ ప్రశ్న తెలుగువారికి మరింత ముఖ్యము.

ధర్మపురి ప్రాచీననామము తగడూరు. సంగమకాలమున అదియమానులు, తరువాత నొళంబులు ఏలిన నేల యిది. విజయనగర సామ్రాజ్యము తగ్గుముఖము పట్టిన 16వ శతాబ్ది చివర, పెనుకొండ రక్షణలో పేరు పొందిన జగదేవరాయలకు బారామహల్ సీమ సంక్రమించెను. ఆ నాటికే తమిళము, కన్నడము, తెలుగు ఈ నేలపై ఒకే సంతలో వినబడు భాషలు. తెలుగు ఇచ్చటికి నిన్న మొన్న వలసవచ్చినది కాదని వేరుగా నిరూపింప నక్కరలేదు.

కథోలిక మతబోధ ఈ వైపునకు మధుర నుండి వచ్చినది. 1606లో మధుర చేరిన ఇటలీ దేశపు యేసుసభ గురువు రాబర్ట్ డి నోబిలి సన్న్యాసి వేషము ధరించి, శాకాహారియై, దేశభాషలలో పండితుడయ్యెను. ఆయనకు సంస్కృతము చెప్పినవాడు శివధర్మ యను తెలుగు బ్రాహ్మణుడు. మధుర నాయకుల దర్బారులో చెల్లుబడి యైన భాష తెలుగే గనుక నోబిలి తమిళముతోపాటు తెలుగును కూడ అభ్యసించెను. పోర్చుగీసువారు ఆ తెలుగువారిని 'బడగులు' అని వ్యవహరించుచుండిరి. ఉత్తరమునుండి వచ్చినవారని ఆ మాటకర్థము. ఆయన పద్ధతిపై తోటి గురువులే ఫిర్యాదులు చేయగా, పదిహేనవ గ్రెగరీ పోపుగారు 1623 జనవరి 31న దానికి అనుమతి నిచ్చిరి. ఆ యేటనే నోబిలి మధుర విడిచి తిరుచిరాపల్లి, సేందమంగలము, సేలముల దారి పట్టెను. తిరుమంగళనాయకుడు 1625లో ఆయనవలన జ్ఞానస్నానము పొందెను. సేలమునకు ఉత్తరపు పొరుగుసీమయే ధర్మపురి గనుక ఈ ప్రాంతపు కథోలిక చరిత్రకు ఇది తొలి అధ్యాయమని చెప్పవచ్చును.

రెండవ అధ్యాయము మైసూరు వైపునుండి ఆరంభమైనది. 17వ శతాబ్ది మధ్యమున లియొనార్దో చిన్నమి అను యేసుసభ గురువు శ్రీరంగపట్టణమున మైసూరు మిషనుకు పునాది వేసెను. అది గోవా గురువుల పాలనలోనిది. కన్నడ తమిళములు దాని భాషలు. ఆ శతాబ్ది చివర చిక్కదేవరాజ ఒడెయరు ధర్మపురిని జయించుటతో ఈ సీమ రాజకీయముగా కూడ మైసూరులో చేరినది. ధర్మపురి సమీపమునందలి కోవిలూరు ఈ ప్రాంతపు పాత కథోలిక గ్రామములలో నొకటి.

ఇంచుమించు ఇదే కాలమున మరియొక మిషను తెలుగునేలపై నెలకొన్నది. పుదుచ్చేరినుండి బయలుదేరిన ఫ్రెంచి యేసుసభ గురువులు 18వ శతాబ్ది ఆరంభమున పుంగనూరు మొదలుగా రాయలసీమ వరకు కర్ణాటక మిషనును విస్తరింపజేసిరి. దాని వ్యవహారభాష తెలుగు. సంస్కృతమునకు లాటిను గ్రీకు భాషలతోగల పోలికను 1767లోనే పారిసు పండితులకు వ్రాసి పంపిన కూర్దో ఆ మిషనువాడే; వేదప్రతులు సంపాదించి ఫ్రాన్సు రాజ గ్రంథాలయమునకు పంపిన కాల్మెత్ కూడ అచ్చటివాడే. పుంగనూరు గురువులకు తెలుగు, బారామహల్ గురువులకు తమిళ కన్నడములు అను ఏర్పాటు ప్రజలు మాటలాడు భాషలను లెక్కించి చేసినది కాదు. ఏ సంఘము ఏ రేవునుండి బయలుదేరినదో, ఏ రాజు ఎంతవరకు దారి నిచ్చెనో దానిని బట్టి ఏర్పడినది. ఎల్లకు దక్షిణమున మిగిలిన తెలుగువారు తమ దేవుని పొరుగుభాషలో ప్రార్థించుట అలవరచుకొనిరి.

1773లో పోపుగారు యేసుసభను రద్దుచేసిరి. 1776లో పుదుచ్చేరి మిషనుభారము పారిసు విదేశ మిషను సంఘపు గురువులకు సంక్రమించినది. మైసూరు యుద్ధములలో ఈ సీమ పడిన బాధలు చరిత్రపాఠకులకు విదితములే. 1792 సంధితో బారామహల్ కుంఫిణీవారి వశమైనది. కర్నల్ రీడ్ క్రింద పనిచేయుచు థామస్ మన్రో ధర్మపురిలో నివసించి, రైతువారీ పద్ధతికి ఇచ్చటనే తొలిపాఠములు నేర్చెను. తరువాత రాయలసీమ వారి మన్ననకు పాత్రుడై 1827లో పత్తికొండ వద్ద మరణించిన మన్రో ఈయనయే. 1799 తరువాత మైసూరు సీమ కథోలికులను కూడగట్టిన ఫ్రెంచి గురువు దుబ్వా కూడ ఆ కాలమువాడే. ఆయన దేశీయ వేషమున తిరుగుచు మశూచి టీకాలు వేయించెను.

మన్రో ప్రసక్తి అప్రస్తుతము కాదు. కుంఫిణీవారు బారామహల్‌ను సేలము జిల్లాలో చేర్చిరి. మతపాలనా విభాగములు క్రమముగా జిల్లా ఎల్లల ననుసరించినవి. 1850లో పుదుచ్చేరి నుండి మైసూరు, కోయంబత్తూరు పాలనలు వేరుపడినవి. 1886లో భారతదేశపు కథోలిక పీఠములు క్రమబద్ధములైనవి. 1899లో కుంభకోణము వేరైనది. 1930 మే 26న కుంభకోణము, మైసూరు, పుదుచ్చేరి భాగములను కలిపి సేలము మేత్రాసనమును చేసి, ఫ్రెంచి గురువైన ప్రునియేను దానికి తొలి పీఠాధిపతిగా నియమించిరి. ఉత్తరమున తెలుగువారికి అంతకు రెండేండ్ల క్రిందట, 1928లో, నెల్లూరు మేత్రాసన మేర్పడినది. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా సేలమునుండి విడివడగా, ముప్పదియొక్క సంవత్సరముల పిదప మేత్రాసనము కూడ ఆ వరుసనే విడివడినది. సలేసియ సభకు చెందిన జోసెఫ్ ఆంథోని ఇరుదయరాజ్ దానికి తొలి పీఠాధిపతి.

ఇక కట్టడమును గూర్చి. ఈ సీమలో ప్రార్థనాలయములు తొలుత మట్టిగోడలు, పూరికప్పులు. అగ్గికి, వానకు, దండులకు నిలిచినవి కావు. స్థిరమైన గురువు వచ్చినపిమ్మట ఇటుక, సున్నము వచ్చెను. బెల్లపునీరు, కరక్కాయ కషాయము కలిపి గానుగలో రుబ్బిన సున్నము ఏండ్లు గడచినకొలది గట్టిపడును. పైకప్పునకు దూలముల మీద ఇటుక పరచిన మిద్దె. 1865లో మంగళూరున బాసెల్ మిషనువారు కర్మాగారము పెట్టిన తరువాత ఎఱ్ఱని మంగళూరు పెంకు. 20వ శతాబ్దిలో సిమెంటు, ఇనుము వచ్చి సున్నపుపని తెలిసిన మేస్త్రీలు అరుదైరి. పాత గోడకు సిమెంటు పూత పూసినచో లోపలి చెమ్మ వెలికి రాక సున్నము పొడియగును. కావున మరమ్మతు పేరిట జరుగు నష్టమే కాలము చేయు నష్టముకంటె ఎక్కువని చెప్పవచ్చును.

తిరుహృదయమను పేరుకు కూడ చరిత్ర గలదు. 17వ శతాబ్దిలో ఫ్రాన్సు దేశమున మార్గరీతు మరియ అను సన్న్యాసిని ద్వారా వ్యాపించిన ఈ భక్తికి 1856లో సర్వత్ర పండుగ విధింపబడినది. పారిసు కొండమీది తిరుహృదయ దేవాలయమునకు 1875లో పని ఆరంభమైనది. ఫ్రెంచి గురువులు తమతో తెచ్చిన భక్తిలో ఇది ముఖ్యమైనది. ధర్మపురికి అధిపీఠమైన పుదుచ్చేరిలో 1907లో ప్రారంభమైన గోథికు దేవాలయము కూడ ఈ పేరిటిదే. విచారణ దేవాలయము ప్రధానాలయమైనప్పుడు కట్టడము మారనక్కరలేదు. పీఠాధిపతి కూర్చుండు ఆసనము లోపల నెలకొనుటయే దాని లక్షణము.

కట్టడముకంటె మాటలు ఎక్కువ సాక్ష్యమిచ్చును. నోబిలి కాలమునుండి గురువులు సంస్కృత పదములను స్వీకరించుటచే తమిళ తెలుగు కథోలికులకు ఒక ఉమ్మడి పదజాల మేర్పడినది. సర్వేశ్వరుడు, జ్ఞానస్నానము, పాపసంకీర్తనము, అర్చ్యశిష్టులు, ఉత్తరించు స్థలము: ఇవి స్వల్పభేదముతో రెండు భాషలలోను వాడబడినవి. తెలుగువారు తిరుసభ యనునప్పుడు అందలి 'తిరు' తమిళమునుండి వచ్చినది. మేత్రాసనము తమిళ మేట్రిరాసనమునకు సోదరపదము. అప్పు ఒకవైపు మాత్రమే జరుగలేదు. పేతురను పేరుకు రాయి యని అర్థము గదా. తమిళ కథోలికులు ఆయనను రాయప్పరు అనిరి. తమిళమున రాతిని కల్ అందురు, రాయి తెలుగుమాట. కావున ఈ పేరు తెలుగువాని నోటనే పుట్టినదని తోచుచున్నది. లాటినున చిన్నవాడని అర్థమిచ్చు పౌలు చిన్నప్ప యగుట రెండు భాషలకును సరిపోయినది. ఇన్నాసి, ఇన్నయ్య, సవేరియారు, శౌరి: ఇట్లు ఒక్కొక్క పేరు ఎల్లకు ఇరువైపుల రెండు రూపములుగా నిలిచినది.

ఈ ఉమ్మడి పదజాలము ఉన్నంతకాలము ధర్మపురి తెలుగు కథోలికులకు తమిళ ప్రార్థన పూర్తిగా పరాయిది కాలేదు. పూజ లాటినులో జరుగుచుండెను గనుక అందరును సమానముగా తెలియనివారే; జపములలో సగము మాటలు తమవే. 1963 డిసెంబరు 4న రెండవ వాటికను మహాసభ ఆరాధనలో దేశభాషలకు తావిచ్చినది. 1969లో క్రొత్త పూజాగ్రంథము వెలువడినది. బలిపీఠము గోడనుండి ముందుకు జరిగినది. గురువు జనులకు అభిముఖుడైనాడు. దేశభాష యనగా సేలము మేత్రాసనమున తమిళమే. అదే కాలమున తమిళమున స్వభాషాపదోద్యమము ప్రబలి, ఆరాధనలోని సంస్కృత పదములు తొలగి అచ్చ తమిళ పదములు వచ్చినవి. జ్ఞానస్నానము తిరుముళుక్కు ఐనది, మేట్రిరాసనము మఱైమావట్టమైనది, రాయప్పరు పేదురు ఐనాడు. తమిళుల దృష్టిలో ఇది న్యాయమైన సంస్కరణమే. కాని ఇంటిలో తెలుగు, గుడిలో తమిళము గల వృద్ధురాలికి, ఇరువదియేండ్లు కంఠస్థమైన జపము ఒక్కసారిగా దూరపు మాటయైనది. భాషలు దేవాలయమున ప్రవేశించిన వేళనే ఈ సీమలో తెలుగు ఒక మెట్టు దిగినదనుట విపరీతముగా కనబడినను సత్యము.

దీనికి లిపి సమస్య తోడైనది. 2006 నాటి తమిళాభ్యసన చట్టముతో పాఠశాలలలో తమిళము మొదటి భాషగా తప్పనిసరియైనది. తెలుగు అక్షరములు నేర్వని పిల్లకు అవ్వ దాచిన తెలుగు జపపుస్తకము బొమ్మలు లేని పుస్తకము. చట్టము చదువుకొను హక్కును గూర్చి మాటలాడును. ఇంటిలోని పుస్తకమును గూర్చి మాటలాడదు.

పరిశోధకులకు మిగిలియున్న మంచి ఆధారము విచారణల దస్తరములు. 1563లో ట్రెంటు మహాసభ జ్ఞానస్నానములను, వివాహములను వ్రాసిపెట్టవలెనని విధించినది. మరణముల దస్తరము 1614 తరువాత చేరినది. వీటిని గురువులు లాటినున వ్రాయుచుండిరి. పేరు, తండ్రిపేరు, తల్లిపేరు, ఊరు, సాక్షులు: ఇంతే వివరము. అయినను రోమను లిపిలో వ్రాసిన ఒక రాయప్ప, ఒక చిన్నమ్మ, ఒక పల్లె పేరు చూచినచో, ఆ ఇంటివారి మాట తెలుగో తమిళమో చాలసార్లు ఊహింపవచ్చును. 2004లో కృష్ణగిరి వేరు జిల్లా యగుటతో హోసూరు, దేన్‌కనికోట వైపు తెలుగు పల్లెలు పరిపాలనలో ధర్మపురినుండి విడివడినవి. వాటి పాత దస్తరములను వెదకువారు జిల్లా పేరును గాక, ఆయా సంవత్సరముననున్న మేత్రాసనపు పేరును పట్టుకొని పోవలెను: 1930కి పూర్వపువాటికి పుదుచ్చేరి, మైసూరు, కుంభకోణములు, 1930 నుండి 1997 వరకు సేలము, అటుపిమ్మట ధర్మపురి.