మాటే ఆధారం.. ఆకాశవాణిలో ఒక రోజు

అవనిగడ్డ: రేడియో అనగానే పాటల పెట్టెగా తలచుకునేవారే అధికం. భక్తిరంజని, లలిత సంగీతం, సినిమా పాటలు చాలామందికి మొదట స్ఫురణకు వస్తాయి. అయితే కృష్ణా డెల్టాలోని రైతులు, తీరంలోని మత్స్యకారులు రేడియోను తమ జీవనంలో భాగం చేసుకున్నది పాటలకోసం మాత్రమే కాదు. వార్తలు, వాతావరణం, సేద్యపు సలహాలు, ప్రసంగాలు, చర్చలు, నాటకాలు, శ్రోతల ఉత్తరాలకు సమాధానాలు.. ఇవన్నీ మాటతో నడిచే కార్యక్రమాలు. ఆకాశవాణి పరిభాషలో వీటిని 'వాచక కార్యక్రమాలు'గా వ్యవహరిస్తారు. ఉదయం నుంచి రాత్రి వరకు ఈ మాటల పరంపర ఎలా సాగుతుంది, దాని వెనుక ఎంత కసరత్తు ఉంటుంది, నేడు దానికి ఎదురవుతున్న ఇబ్బందులేమిటి అన్నది శ్రోతలలోనూ చాలామందికి తెలియని విషయం.

తెలుగువారికి రేడియో పరిచయమైంది మద్రాసు, హైదరాబాదుల ద్వారా. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న ప్రారంభమై తమిళంతోపాటు తెలుగు ప్రసారాలు కూడా అందించింది. నిజాం ప్రభుత్వ అధీనంలోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో విలీనమైంది. ఆంధ్ర ప్రాంతానికి ప్రత్యేకంగా విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ఆరంభమైంది. తర్వాత 1963లో విశాఖపట్నం, కడప కేంద్రాలు వచ్చాయి. బందరు రోడ్డులోని విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్‌లపై చేసే ప్రసారం దివిసీమ వాసులకు చిరపరిచితం.

వార్తలతో తెల్లవారేది

తంబురా శ్రుతిపై వయొలిన్ పలికే ఆకాశవాణి సంకేత రాగం, వందేమాతరం, మంగళధ్వని. దినచర్య ఈ వరుసలోనే ఆరంభమవుతూ వచ్చింది. ఆ సంకేత రాగాన్ని కూర్చినది చెక్ ప్రాంతం నుంచి వలస వచ్చిన యూదు సంగీతజ్ఞుడు వాల్టర్ కౌఫ్‌మన్. అది 1936 నాటి మాట. అనంతరం భక్తి సంగీతం నడుమ సూక్తులు, ఆనాటి కార్యక్రమాల వివరాలు వినిపిస్తాయి.

మాటల అసలు ఘట్టం 6.45 గంటలకు మొదలయ్యేది. దశాబ్దాలపాటు ఆ సమయం ప్రాంతీయ వార్తలది. ఆ వెంటనే 6.55కు ఢిల్లీ నుంచి అయిదు నిమిషాల సంస్కృత వార్తలు. ఇవి 1974 జూన్ 30న మొదలయ్యాయి. అర్థం కాకపోయినా బలదేవానంద సాగర్ గొంతును అనుకరించని పల్లె బాలుడు ఆ రోజుల్లో లేడంటే అతిశయోక్తి కాదు. తర్వాత 7.05కు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. అద్దంకి మన్నార్ వంటి వార్తాచదువరుల పేర్లు ఆనాటి ఇంటింటా సుపరిచితాలు. హైదరాబాదు నుంచి డి.వెంకట్రామయ్య గొంతు కూడా అంతే. గడియారం లేని ఇళ్లలో ఈ వార్తలే కాలమానం. 'ఢిల్లీ వార్తలు వచ్చే వేళ'కు కాలువగట్టుకు బయలుదేరడం, బడి సంచి సర్దుకోవడం ఇక్కడి పెద్దలకు ఇంకా గుర్తే.

వార్తల రచన పత్రికా రచనకు భిన్నమైనది. పత్రికలో వాక్యం అర్థం కాకుంటే పాఠకుడు వెనక్కు వెళ్లి మళ్లీ చదువుకోగలడు. శ్రోతకు ఆ అవకాశం లేదు. చెవిని దాటిన మాట తిరిగి రాదు. అందుకే ఒక వాక్యంలో ఒకే విషయం, కర్తకు క్రియకు నడుమ తక్కువ దూరం, పెద్ద అంకెలను చెవికి పట్టేలా సవరించి చెప్పడం నియమాలయ్యాయి. కోస్తా, తెలంగాణ, రాయలసీమ మాండలికాలు వేరైనా అందరికీ ఒకేలా అర్థమయ్యే మాటతీరు ప్రచారంలోకి రావడంలో రేడియో వార్తల పాత్ర గణనీయమైనది.

సేద్యపు మాట

మాటల కార్యక్రమాలలో ఈ ప్రాంతానికి అత్యంత ప్రధానమైనది వ్యవసాయ విభాగం. రేడియో ద్వారా రైతులను కూడగట్టే ప్రయత్నం 1956లో పుణె ప్రాంతంలో యునెస్కో తోడ్పాటుతో జరిగింది. గ్రామస్థులు ఒకచోట చేరి ప్రసారం వినడం, విన్నదానిపై చర్చించడం, సందేహాలను కేంద్రానికి రాయడం ఆ గ్రామీణ రేడియో వేదికల పద్ధతి. హరితవిప్లవం నాళ్లలో, అంటే 1966 నుంచి, ఆకాశవాణి కేంద్రాలలో వ్యవసాయ, గృహ విభాగాలు ఏర్పడ్డాయి. తమిళనాడులోని తంజావూరు ప్రాంతంలో ఏడీటీ 27 అనే వరి రకం రేడియో ప్రచారంతోనే రైతుల్లోకి వెళ్లి, 'రేడియో వరి'గా పేరు తెచ్చుకుంది. రోజువారీ వ్యవసాయ ప్రసారం 'కిసాన్ వాణి' 2004 ఫిబ్రవరిలో మొదలైంది.

ఈ కార్యక్రమం విలువ తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు. డెల్టాలో విస్తారంగా సాగయ్యే బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన రకం. గింజ సన్నం, అన్నం రుచి. కాని దోమపోటు, అగ్గితెగులుకు సులువుగా లొంగుతుంది. పైరు పొట్టదశకు వచ్చేవేళ సుడిదోమ దుబ్బుల అడుగున చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. గుర్తించేసరికి వలయాలుగా మాడిపోతుంది. రైతు కంగారుతో దుకాణానికి పరుగెత్తి, ఇచ్చిన మందు తెచ్చి ఆకుల పైన చల్లితే డబ్బు పోతుంది, దోమ పోదు.

శాస్త్రవేత్త రేడియోలో చెప్పేది వేరు. మొదట చేలో నీరు తీసివేసి ఆరబెట్టాలి. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలాలి. యూరియా మితిమీరి వేయరాదు. మందు చల్లవలసి వస్తే అది దుబ్బు మొదలు తడిసేలా పడాలి. ఈ నాలుగు మాటలు సకాలంలో చెవిన పడితే ఎకరానికి ఒక దఫా మందు ఖర్చు మిగులుతుంది. కౌలు రైతుకు అది చిన్న మొత్తం కాదు. ఇక్కడ 'సకాలం' అన్న మాటే కీలకం. నాటిన తర్వాత కాలిబాటల గురించి చెప్పి ప్రయోజనం లేదు. అందుకే జిల్లాను, కాలువకు నీరు వదిలిన తేదీని, ఆ ఏటి వానను బట్టి కార్యక్రమాన్ని కూర్చవలసి ఉంటుంది. ఎక్కడో తయారైన ప్రసారాన్ని అన్ని కేంద్రాలూ ఒకేసారి వినిపిస్తే ఈ పని జరగదు. స్థానిక కార్యక్రమాలు తగ్గుతున్నాయన్న ఆవేదనకు మూలం ఇదే.

ప్రసంగం వెనుక పరిశ్రమ

రేడియో ప్రసంగం అంటే మైకు ముందు కూర్చుని తోచింది మాట్లాడడం కాదు. విషయాన్ని, వక్తను కార్యక్రమ నిర్వాహకులు ముందుగా నిర్ణయిస్తారు. వక్తకు ఒప్పంద పత్రం వెళుతుంది. పది నిమిషాలకో, పదిహేను నిమిషాలకో సరిపడా రాసిన ప్రతిని ఆయన ముందే పంపాలి. దానిని పరిశీలించి, అవసరమైన సవరణలు సూచించి, ఆ తర్వాతే రికార్డు చేస్తారు. చదువుతున్నట్టు కాక, ఎదుట కూర్చున్న ఒకే వ్యక్తితో మాట్లాడుతున్నట్టు చెప్పమని కోరతారు. కాగితం తిప్పిన చప్పుడు సైతం మైకులో పడుతుంది. పెద్ద పండితులు కొందరు మొదటిసారి స్టూడియోలో తడబడడం, పల్లె నుంచి వచ్చిన రైతు తడుముకోకుండా మాట్లాడడం రేడియోలో పనిచేసినవారికి వింత కాదు.

ప్రసారంలో ఏది చెప్పకూడదో నిర్దేశించే నియమావళి కూడా ఉంది. మతాలపై దాడి, అశ్లీలం, పరువునష్టం, హింసకు పురికొల్పే మాటలు నిషిద్ధం. దీనివల్ల రేడియోలో నిరాధారమైన మాట అరుదు. అదే సమయంలో ప్రభుత్వానికి రుచించని మాట కూడా అరుదేనన్న విమర్శ ఉంది. అత్యవసర పరిస్థితి కాలంలో ఆకాశవాణి ఏ విధంగా ప్రభుత్వ వాణిగా మారిందో ఆ తరం వారికి తెలుసు. స్వతంత్ర సంస్థ కావాలని 1966లో చందా కమిటీ, 1978లో వర్గీస్ కమిటీ సిఫారసు చేశాయి. ప్రసార భారతి చట్టం 1990లో ఆమోదం పొందినా, సంస్థ ఏర్పడింది 1997లోనే. నిధులకు నేటికీ కేంద్రంపైనే ఆధారపడవలసి ఉన్నందున స్వయంప్రతిపత్తి ఎంతన్నది చర్చనీయాంశమే.

మధ్యాహ్నం, సాయంత్రం

పగటి వేళ స్త్రీల కార్యక్రమాలు, విద్యార్థుల పాఠాలు, ఆరోగ్య సలహాలు, కార్మికుల కార్యక్రమాలు వచ్చేవి. పిల్లల కోసం మద్రాసులో, తర్వాత హైదరాబాదులో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన కార్యక్రమాలు ఒక తరాన్ని తీర్చిదిద్దాయి. విజయవాడ నుంచి ఉషశ్రీ నిర్వహించిన 'ధర్మసందేహాలు' వేళకు వీధి అరుగులు నిండిపోయేవని చెబుతారు. ఆదివారం మధ్యాహ్నం నాటకం, సినిమాను మాటల రూపంలో కుదించిన సంక్షిప్త శబ్దచిత్రం మరో ఆకర్షణ.

సాయంత్రం మళ్లీ రైతులదే. మార్కెట్ ధరలు, వాతావరణ సూచన, శాస్త్రవేత్తల ముఖాముఖి ఆ వేళ వస్తాయి. రాత్రి వార్తల తర్వాత సాహిత్య ప్రసంగాలు, చర్చలు. ఉత్తరాలకు జవాబులిచ్చే కార్యక్రమం మాత్రం అన్నింటికంటే భిన్నమైనది. ఫలానా పాట ఎందుకు ఆగిపోయింది, ఫలానా ప్రసంగంలో ఎరువు మోతాదు తప్పుగా చెప్పారేమో అని శ్రోత నిలదీస్తాడు. కేంద్రం సమాధానం చెప్పి తీరాలి. అర్ధరూపాయి కార్డు ముక్కతో ఒక ప్రభుత్వ సంస్థను బహిరంగంగా ప్రశ్నించి, బహిరంగంగానే జవాబు పొందగల అవకాశం మరే కార్యాలయంలోనూ సామాన్యునికి లేదు.

తుపాను వేళ

దివిసీమలో రేడియో ప్రస్తావన వస్తే ఉప్పెన మాట రాకుండా ఉండదు. 1977 నవంబరు 19న సముద్రం విరుచుకుపడి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత తుపాను హెచ్చరికలను వినడం ఇక్కడి ప్రజలకు అలవాటైంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తు, సెల్‌ఫోన్లు రెండూ స్తంభించాయి. అలాంటి సమయంలో చేతిలోని ఫోను కేవలం అలంకారం. రెండు బ్యాటరీలతో నడిచే ట్రాన్సిస్టరు మాత్రం దూరాన ట్రాన్స్‌మిటరు నిలిచి ఉన్నంతవరకు పలుకుతుంది.

దీనికి శాస్త్రీయ కారణం ఉంది. ఎఫ్ఎం తరంగాలు ఇంచుమించు కంటిచూపు వలె సూటిగా సాగుతాయి. అందువల్ల టవరుకు కొన్ని పదుల కిలోమీటర్ల దాటి అందవు. మీడియం వేవ్ తరంగాలు నేలను అంటిపెట్టుకుని పయనిస్తాయి. తడి నేల, ఉప్పు నీరు వీటికి అనుకూలం. కనుక డెల్టా భూములలో, సముద్రం మీద కూడా సంకేతం బాగా అందుతుంది. పగలు వాతావరణంలోని పై పొర ఒకటి ఈ తరంగాలను పీల్చివేస్తుంది. రాత్రి ఆ పొర బలహీనపడడంతో అవి ఇంకా పైకి వెళ్లి, పరావర్తనం చెంది వందల కిలోమీటర్ల దూరాన దిగుతాయి. రాత్రివేళ పరాయి భాషల కేంద్రాలు అడ్డుపడడానికి కారణం ఇదే.

అయితే ఇప్పుడు అడ్డంకులు వేరే రూపంలో వస్తున్నాయి. ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు వెదజల్లే శబ్దం మీడియం వేవ్‌ను మింగేస్తోంది. స్మార్ట్‌ఫోన్లలో మీడియం వేవ్ వినే ఏర్పాటే లేదు. రిపేరు చేసేవారు కరవై పాత సెట్లు మూలనపడ్డాయి. డిజిటల్ విధానమైన డీఆర్ఎంకు ఆకాశవాణి 35 మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను సిద్ధం చేసినా, దానికి తగిన రిసీవర్లు కొన్ని కార్లలో తప్ప సామాన్యుల ఇళ్లకు చేరలేదు. దేశ జనాభాలో 99 శాతానికి పైగా ప్రసార పరిధిలో ఉన్నారన్నది ప్రసార భారతి లెక్క. పరిధిలో ఉండడం వేరు, వినడం వేరు.

ఆకాశవాణి ప్రసారాలు 'న్యూస్ ఆన్ ఎయిర్' యాప్‌లో లభిస్తున్నందున నెట్ ఉన్నవారు ఎక్కడినుంచైనా, అమెరికాలో ఉన్న పిల్లలు సైతం, విజయవాడ కేంద్రాన్ని వినవచ్చు. కాని చేపలవేటకు వెళ్లిన నావలో, నెట్ అందని లంక గ్రామంలో అది పనికిరాదు. మెదక్ ప్రాంతంలోని మాచనూరులో 2008 అక్టోబరు నుంచి దళిత మహిళలు 90.4 ఎఫ్ఎంపై నడిపిన సంఘం రేడియో, స్థానికుల మాటకు స్థానికులే యజమానులు కాగలరని నిరూపించింది. తీర గ్రామాలలో అటువంటి సామాజిక రేడియోకు ఎంతో అవకాశం ఉన్నా, అనుమతులు, టవరు, నిర్వహణ ఖర్చు అడ్డంకులుగా ఉన్నాయి.

తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. అది ముగిశాక పడవలు సముద్రంలోకి దిగుతాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి తుపానుల కాలం. ఆ నెలల్లో ఇంటిలో ఒక ట్రాన్సిస్టరు, రెండు కొత్త బ్యాటరీలు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది. సెట్టును ఎల్ఈడీ దీపాలకు, చార్జర్లకు దూరంగా పెట్టి, ముల్లును 837 మీదికి తెచ్చి, పెట్టెను అటూ ఇటూ తిప్పి చూడాలి. లోపలి ఏరియల్ కేంద్రానికి అనువైన దిశకు వచ్చినప్పుడు మాట స్పష్టమవుతుంది.