గాలిలో ఎగిరేవాళ్ళు, నేల మీద నిలబడేవాళ్ళు

(కమ్యూనిటీ రేడియో ప్రసంగానికి అక్షరరూపం)



సోనాపూర్ అంటే హిందీలో బంగారు ఊరు. దుబాయ్ మ్యాపులో వెతికితే ముహైస్నా 2 అని కనిపిస్తుంది. షార్జా సరిహద్దు పక్కన ఉన్న లేబర్ క్యాంపుల పేట అది. మా కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్ళలో ఆ పేరు తెలియని ఇల్లు తక్కువ. నేను 2006లో అక్కడికి వెళ్ళాను. పరంజా కట్టే పని. గదికి ఎనిమిది మందిమి, మంచం మీద మంచం. అలాంటివాడు రేడియోలో పారాగ్లైడింగ్ క్లబ్బు గురించి మాట్లాడటమేమిటి అని మీకు అనిపించవచ్చు. ఆ సంగతే చెబుతాను.

రెండేళ్ళ తర్వాత నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది. కంపెనీ పికప్ నడిపే పనికి మారాను. మా సైట్లో ఒక ఇంజనీరుకి గాలిలో ఎగిరే సరదా ఉండేది. అప్పట్లో సెలవు శుక్రవారం. ఆయన కంపెనీలో చెప్పి, అనుమతి తీసుకుని, శుక్రవారాలు నన్ను తమ క్లబ్బు బండి నడపడానికి పిలిచారు. తెల్లవారుజామున సోనాపూర్ నుంచి బయలుదేరి, షార్జా లోపలి ఎడారిలో మలీహా వైపు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఇసుకదిబ్బల మధ్య రాతి గుట్టలు ఉంటాయి.

ఎగరడమంటే ఇంజను ఉంటుందనుకున్నాను. పారాగ్లైడర్‌కి ఇంజను లేదు, ఒక్క ఇనుప కమ్మీ కూడా లేదు. నైలాన్ గుడ్డతో కుట్టిన రెక్క, దానికి సన్నని తాళ్ళు, కింద కూర్చోవడానికి హార్నెస్. రెక్క ముందు అంచున నోళ్ళు తెరిచి ఉంటాయి. గాలి వాటిలోకి దూరి గదులన్నీ నిండితే గుడ్డ కాస్తా రెక్క ఆకారానికి వస్తుంది. మొత్తం సామాను ఒక పెద్ద సంచిలో పట్టి వీపు మీదకెక్కుతుంది. హ్యాంగ్ గ్లైడర్ వేరు. దానికి అల్యూమినియం గొట్టాల చట్రం ఉంటుంది, మనిషి బోర్లా పడుకుని, ఒంటి బరువును అటూ ఇటూ జరుపుతూ నడుపుతాడు. దాన్ని బండి పైకెక్కించడానికి ఇద్దరు కావాలి.

రెండూ నిజానికి ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటాయి. మామూలు పారాగ్లైడర్ నిశ్చలమైన గాలిలో సెకనుకు ఇంచుమించు ఒక మీటరు దిగుతుంది, ఆ లోపు ఎనిమిది తొమ్మిది మీటర్లు ముందుకు పోతుంది. మరి గంటల తరబడి పైన ఎలా ఉంటారు? దిగే వేగం కంటే ఎక్కువ వేగంతో పైకి లేచే గాలిని వెతుక్కుంటారు. గాలి గుట్టను కొట్టుకుని పైకి మళ్ళేది ఒకటి. ఎండకు నేల కాగి, వేడిగాలి బుడగలా లేచేది ఇంకొకటి. మన ఊళ్ళో పొలం మీద గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంది చూడండి, అది ఈ రెండో గాలి మీదే.

ఎడారిలో ఆ వేడిగాలి మంచిదీ, చెడ్డదీ కూడా. ఎండ ముదిరితే అది మోటుగా లేస్తుంది, సుడిగాలులు పుడతాయి. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లోపలికి తోసుకొస్తుంది. రెక్క వేగం గంటకు 35 కిలోమీటర్ల పైచిలుకు. ఎదురుగాలి అంతకు మించితే మనిషి ముందుకు పోతున్నాననుకుంటూ వెనక్కి పోతాడు. అందుకే ఆ క్లబ్బులో ఎగరడం కంటే కూర్చోవడం ఎక్కువ. టీ తాగుతూ, గాలిసంచి వైపు చూస్తూ, గంటలు గడిపేవాళ్ళు. చాలా శుక్రవారాలు రెక్క విప్పకుండానే తిరిగి వచ్చాం. ఎమిరేట్స్‌లో ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు కూలీలతో ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ ఎండ గుడ్డ రెక్కకు కూడా పనికిరాదు.

ఎగిరే ముందు తనిఖీ ఉంటుంది. హెల్మెట్, రెండు తొడల పట్టీలు, ఛాతీ పట్టీ, కొక్కేలు, తాళ్ళలో చిక్కు, చివరికి గాలి. ఎవరికి వారు చూసుకుంటే చాలదు, పక్కవాడు కూడా చూడాలి. తొడల పట్టీ పెట్టుకోవడం మరిచి ఎగిరి, హార్నెస్ లోంచి జారి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు ఈ ఆటలో ఉన్నారు. హ్యాంగ్ గ్లైడర్ వాళ్ళయితే ఒకరు చట్రం పట్టుకుంటే మరొకరు కింద వేలాడి, కొక్కెం తగిలిందో లేదో చూసుకుంటారు. మొదటిసారి అది చూసి నాకు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. అవే పట్టీలు, అవే కొక్కేలు నేను పరంజా మీద కట్టుకున్నవి. మమ్మల్ని అలా నిలబెట్టి చూసినవాళ్ళు లేరు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఏప్రిల్ శుక్రవారం. నేను కింద దిగే చోట బండి దగ్గర ఉన్నాను, చేతిలో వాకీటాకీ. గుట్ట మీద ఒకాయన రెక్క పైకి లేపుతున్నారు. నా ముందున్న గాలిసంచి ఉన్నట్టుండి వాలిపోయి, మరుక్షణం వెనక్కి తిరిగింది. కొంచెం దూరంలో ఇసుక గిర్రున తిరుగుతూ లేచింది. నేను చూశాను. బటన్ మీద వేలు పెట్టాను, నొక్కలేదు. వాళ్ళు చదువుకున్నవాళ్ళు, నేను డ్రైవర్ని. సైట్లో ఫోర్మన్‌కి ఎదురు చెప్పకూడదని రెండేళ్ళు నేర్చుకున్న నోరు అది.

ఆయన ఎగిరారు. కిందికి వచ్చేసరికి ఆ గాలి రెక్కలో సగాన్ని మడిచేసింది. ఎత్తు ఉంటే రెక్క మళ్ళీ తెరుచుకునేది, లేదా అదనపు పారాచూట్ విసిరేవారు. నేల దగ్గర రెండింటికీ వ్యవధి లేదు. కాలి మడమ విరిగింది. ప్రాణం దక్కింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక సాయంత్రం అందరూ చాప మీద కూర్చుని, ఎవరేం చూశారో ఒక్కొక్కరే చెప్పారు. అది వాళ్ళ అలవాటు. నా వంతు వచ్చినప్పుడు దాచలేకపోయాను. తిడతారనుకున్నాను. క్లబ్బు పెద్దాయన ఒక్కటే అన్నారు: "ఈసారి బటన్ నొక్కు. ఆగమని చెప్పడానికి ఇక్కడ ఎవరికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. నువ్వు తప్పుగా చెప్పినా మాకు పోయేది ఒక్క పూట."

ఆ మాట నేను మోసుకుని సోనాపూర్ గదికి వచ్చాను. అంతకు ముందు ఏడాదే మా గదిలో తమ్ముడు ఒకడు పరంజా మీద నుంచి పడిపోయాడు. బెల్టు ఒంటి మీదే ఉంది, కొక్కెం మాత్రం తగిలించలేదు. పని తొందర. చనిపోయినవాళ్ళను ఊరికి పంపే ముందు ఎంబామింగ్ చేసే కేంద్రం కూడా సోనాపూర్‌లోనే ఉంది. మేము దాని బయట నిలబడి ఉన్నాం. కొక్కెం లేదని చూసినవాళ్ళు ఆ రోజు పైన ఇద్దరున్నారట. ఇద్దరూ నాలాగే నోరు తెరవలేదు.

తర్వాత మా గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పైకెక్కే ముందు పక్కవాడి పట్టీలు, కొక్కెం చేత్తో లాగి చూడాలి. "ఏందన్నా, నన్ను నమ్మవా?" అని కుర్రాళ్ళు ఎగతాళి చేశారు. "నిన్ను నమ్ముతా తమ్మీ, కొక్కేన్నే నమ్మను" అనేవాడిని. ఒకసారి కొక్కెం సరిగ్గా పట్టని కుర్రాణ్ణి పైకి పోనివ్వలేదు, ఫోర్మన్‌తో మాట పెరిగింది. నాకు ఆ రోజు కూలీ పోయింది. ఆ కుర్రాడు సాయంత్రం మాతోపాటే అన్నం తిన్నాడు.

నేను ఎప్పుడైనా ఎగిరానా అని అడుగుతారు. ఒక్కసారి, ఇద్దరు ఎగిరే రెక్క మీద, ముందు కూర్చుని. పైన ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అనుకోలేదు. గాలి తాళ్ళను రాసుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద మా బండి అగ్గిపెట్టెలా ఉంది. దాని పక్కన నా చోట్లో ఎవరో వాకీటాకీ పట్టుకుని నిలబడి ఉన్నారు. నా ధైర్యమంతా ఆ మనిషే.

విదేశాల్లో ఉన్న మన కుటుంబాలు సెలవులకు పిల్లలతో ఇలాంటి చోట్లకు వెళ్తున్నారు. హిమాచల్‌లో 2015 పారాగ్లైడింగ్ ప్రపంచ కప్ జరిగిన బీర్ బిల్లింగ్‌కు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళండి, కానీ డబ్బు కట్టేముందు నాలుగు అడగండి. పైలట్‌కి ఇద్దరిని ఎగరేసే లైసెన్సు ఉందా? అదనపు పారాచూట్ ఉందా? గాలి బాగా లేకపోతే డబ్బు వెనక్కి ఇస్తారా? ఇవ్వని చోట ఎగరవలసిన తొందర వాళ్ళకే ఉంటుంది. మీ బీమా ఇలాంటి ఆటలకు వర్తిస్తుందా? ఎమిరేట్స్‌లో అయితే అధికారిక అనుమతి ఉన్న కేంద్రమేనా అన్నది కూడా చూసుకోండి. 2022 జనవరిలో అక్కడ డ్రోన్లతోపాటు తేలికపాటి క్రీడా విమానాలను కూడా ఆపేశారు. ఆకాశం విషయంలో అక్కడి నియమాలు గట్టివి.

చివరగా, ఎగిరే ముందు మీ తొడల పట్టీలు మీరే ఒకసారి లాగి చూసుకోండి. మనసుకు అనుమానం తగిలితే "ఈ రోజు వద్దు" అనండి. ఎవరేమనుకుంటారో అని ఆగకండి. గల్ఫ్‌లో మన తమ్ముళ్ళు పని చేసే చోట కూడా ఆ మాట అనగలిగే రోజు రావాలని నా కోరిక.